రెండోసారి కొనగలిగిందే కొనండి: రోడ్ బైక్ గ్రూప్‌సెట్ గురించి ఆదివారం మాటలు

(విశాఖలో ఆదివారం రైడ్ అయ్యాక టిఫిన్ల దగ్గర మాట్లాడినది. రానివాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే.)

అందరూ వచ్చేశారా? భీమిలి నుంచి ఇంకా నలుగురు వస్తున్నారంట, వాళ్లు వచ్చి వెనకాల కూర్చుంటార్లెండి. ఇడ్లీ చల్లారిపోతే నన్ను తిట్టకండి, తింటూనే వినండి. నేను మెకానిక్‌ని కాదండి, అది ముందే చెప్పేస్తున్నా. పద్నాలుగేళ్లుగా తొక్కుతున్నా, నా బైకు నేనే విప్పుకుంటా నేనే బిగించుకుంటా, బిగించాక రెండు స్క్రూలు మిగిలిపోయిన రోజులు కూడా ఉన్నాయి. అంతే నా అర్హత.

నాకు వారానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. ఒకటే ప్రశ్న. "అన్నా సోరా తీసుకోనా టియాగ్రా తీసుకోనా, ఇంకో నలభై వేలు వేస్తే 105 వస్తుందంట, వేసేయనా?" అంటే ఏ రకం గేర్ల సెట్ కొనాలని, ఆ పేర్ల సంగతి ఇప్పుడే చెప్తా. నేనేమంటానంటే, సరే తమ్ముడూ, ఇప్పుడున్న బైకుకి చెయిన్ ఎప్పుడు మార్చావు? అటు నుంచి సౌండ్ ఉండదు. చెయిన్ మార్చాలా అన్నా, అంటాడు. ఇదిగో ఈ మాట కోసమే ఇవాళ మైకు తీసుకున్నా.

కొత్తవాళ్లున్నారు కాబట్టి ఒక్క నిమిషం. ఫ్రేము, చక్రాలు, సీటు, హ్యాండిలు పక్కన పెట్టేయండి. ఇంక మిగిలిందేంటి? చేతి దగ్గర బ్రేకూ గేరూ కలిసి ఉండే లివర్లు, చెయిన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే ముందు డిరైలర్, వెనక డిరైలర్, పెడళ్లు తగిలించే క్రాంకు, చెయిను, వెనక చక్రం మీద పళ్లచక్రాల గుత్తి అయిన క్యాసెట్, బ్రేకులు. ఇదంతా కలిపి గ్రూప్‌సెట్. జపాన్ కంపెనీ షిమానోలో కింద నుంచి పైకి క్లారిస్ 8 స్పీడు, అంటే వెనక ఎనిమిది పళ్లచక్రాలు, సోరా 9, టియాగ్రా 10, తర్వాత 105, అల్టెగ్రా, డ్యూరా ఏస్. ఈ పై మూడూ మొన్నటిదాకా 11, ఇప్పుడు 12. మధ్యలో క్యూస్ అని ఇంకోటొచ్చింది, దాని సంగతి తర్వాత చెప్తా.

ఇప్పుడు ఈ మెట్లు చూసి ఏమనుకుంటాం? పై మెట్టు మంచిది, కింది మెట్టు చవకది, చవకది కాబట్టి చెత్తది. అంతేనా? కాదండి. బ్రేకు లివర్‌తోనే గేరు మార్చే పద్ధతి 1990లో డ్యూరా ఏస్‌లో వచ్చింది. అంతకుముందు ప్రపంచ స్థాయి రేసర్లు కూడా హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసి కిందికి వంగి ఫ్రేము గొట్టం మీదున్న లివర్ తిప్పేవాళ్లు. టిక్కు టిక్కుమని ఒక్కో గేరూ లెక్కగా పడటం కూడా 1984 డ్యూరా ఏస్‌తోనే రేసు బైకుల్లో నిలదొక్కుకుంది. ఈ రెండూ ఇవాళ క్లారిస్‌లో ఉన్నాయి. ఒకప్పుడు రాజుగారి ఇంట్లో ఉన్న ఫ్యాను ఇప్పుడు మన ఇంట్లో తిరుగుతోంది. అంచేత క్లారిస్ బైకు తెచ్చుకున్నవాణ్ని పట్టుకుని "అయ్యో క్లారిసా" అని మూతి విరుస్తారు చూడండి, మన గుంపులోనే ఉన్నారు, పేర్లు చెప్పన్లెండి, ఇవాళ పొద్దున ఆ క్లారిస్ వెనకే గాలి తగలకుండా డ్రాఫ్ట్ పట్టుకుని వచ్చారు.

మరి డబ్బులెక్కువ పెడితే వచ్చేదేంటి? మూడు. గేర్ల మధ్య దూరం తగ్గుతుంది, బ్రేకులు మెరుగవుతాయి, బరువు తగ్గుతుంది. నా లెక్కలో బరువు ఆఖర్న.

గేర్ల మధ్య దూరం అంటే ఏంటో చూద్దాం. బోర్డు లేదు, వేళ్ల మీద లెక్కేసుకోండి. 8 స్పీడు క్యాసెట్ 11-32 తీసుకుంటే పళ్లు ఇలా ఉంటాయి, 11, 13, 15, 18, 21, 24, 28, 32. అదే 11-32ని 11 స్పీడులో చూడండి, 11, 12, 13, 14, 16, 18, 20, 22, 25, 28, 32. రెండు చివర్లూ ఒకటేనా? ఒకటే. ఎక్కడానికి దిగడానికి తేడా లేదు. తేడా అంతా మధ్యలో. మనం బీచ్ రోడ్డులో ఎదురుగాలి లేనప్పుడు 30లో వెళ్తాం అనుకోండి, ముందు 50 పళ్ల రింగులో. 8 స్పీడువాడికి 15 పళ్లలో వేస్తే కాళ్లు నిమిషానికి 71 సార్లు తిరుగుతాయి, 18లో వేస్తే ఒకేసారి 86. మధ్యలో ఇంకేమీ లేదు. 11 స్పీడువాడికి 16 ఉంది, 76 దగ్గర హాయిగా కూర్చుంటాడు. ఒంటరిగా తొక్కేవాడికి ఇది పెద్ద బాధ కాదు, కొంచెం స్పీడు తగ్గించుకుంటాడు పెంచుకుంటాడు. గుంపులో ముందువాడి చక్రం వెనక తొక్కేవాడికి మాత్రం స్పీడు తన చేతిలో ఉండదు కదా, అందుకని వాడికి తెలుస్తుంది. అంచేత మీరు గుంపులో తొక్కుతారా ఒంటరిగా తొక్కుతారా? షాపువాడు ఈ ప్రశ్న అడగడు, మీరే వేసుకోవాలి.

ఇంక ఎక్కడం. అరకు ఎంతమంది వెళ్లారు? చేతులెత్తండి. అనంతగిరి ఘాట్‌లో దిగి నడిచినవాళ్లు ఎంతమంది? అబ్బో, నిజాయితీపరులే ఉన్నారు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మనమేమో సముద్రం ఒడ్డు నుంచే బయల్దేరతాం, అంతా మోకాళ్లతోనే ఎక్కాలి. అక్కడ మీ బైకు మీద షిమానో ఏం పేరు రాసిందన్నది పట్టదు. వెనక పెద్ద పళ్లచక్రం ఎన్ని పళ్లు అన్నదే లెక్క. మన టైరు ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. ముందు 34, వెనక 34 ఉందనుకోండి, పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. అదే వెనక 28 ఉంటే ఆ 60 చుట్లకి తొమ్మిది దాటుతుంది. మంచిదేగా స్పీడు ఎక్కువ అంటారేమో, ఘాట్‌లో కాళ్లు అయిపోయాక మీరు వెళ్లేది ఏడున్నరే గురూ. 28 పళ్లతో ఏడున్నరలో వెళ్లాలంటే పెడల్ నిమిషానికి 49 సార్లే తిరుగుద్ది, ప్రతి చుట్టుకీ మోకాలు "నన్నెందుకురా" అంటుంది. 28 పళ్లున్న అల్టెగ్రా కన్నా 34 పళ్లున్న క్లారిస్ ఘాట్‌లో నయం. అటు చివర ముందు 50, వెనక 11 ఉంది చూడండి, అందులో 90 చుట్లు తొక్కితే గంటకి 51 కిలోమీటర్లు. ఇక్కడ 51లో వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారా? దిగేటప్పుడు తప్ప. మరి దానికోసం ఎందుకు డబ్బులు పెడతాం?

బ్రేకుల గురించి తక్కువ చెప్తా, ఎందుకంటే ఇందులో నాకు డౌటు లేదు. చక్రం మధ్యలో రేకుని పట్టే డిస్కు బ్రేకు, అందులోనూ కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ అయితే మంచిది. వానాకాలంలో సింహాచలం ఘాట్ దిగిన ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు, రెండు వేళ్లు చాలు, అరచెయ్యి నొప్పెట్టదు. క్లారిస్, సోరాలో హైడ్రాలిక్ లివర్లు లేవు, టియాగ్రా నుంచి ఉన్నాయి. నన్నడిగితే గుంపులో తొక్కినా ఒంటరిగా తొక్కినా పై మెట్టెక్కడానికి సరైన కారణం ఇదొక్కటే. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకు బైకే తీసుకుంటున్నారా, అయితే టియాగ్రాకి 105కి మధ్య మీ చేతికి తెలిసే తేడా తక్కువ, మీ బ్యాంకుకే ఎక్కువ తెలుస్తుంది.

బరువు. 105 నుంచి అల్టెగ్రాకి వెళ్తే, పాత 11 స్పీడువి పక్కపక్కన పెట్టి తూస్తే, తేడా పావు కిలోకి అటూ ఇటూ. ఈ బాటిల్‌లో నీళ్లు ముప్పావు కిలో. తగరపువలసలో మంచినీళ్లు దొరుకుతాయి కాబట్టి సగం నింపుకెళ్లండి, అల్టెగ్రా అయిపోయింది.

ఇప్పుడు అసలు మాట. గ్రూప్‌సెట్ ఫ్రేము లాంటిది కాదండి. ఫ్రేము కొంటే ఉంటుంది. గ్రూప్‌సెట్ అరిగిపోతుంది, చెప్పుల్లాగ. అందరూ మొదటిసారి కొనే రేటు చూస్తారు. రెండోసారి కొనే రేటు ఎవరూ చూడరు.

ఇదిగో చూడండి, ఇది నా పాత చెయిను, ఇది స్టీలు స్కేలు, పిల్లల జామెట్రీ బాక్సులోంచి తెచ్చా. చెయిన్ లింకుకీ లింకుకీ మధ్య సరిగ్గా అర అంగుళం. అంటే 24 లింకులు పన్నెండు అంగుళాలు. కొత్త చెయిను అయితే ఒక పిన్ను సున్నా మీద పెడితే ఇరవై నాలుగోది కచ్చితంగా పన్నెండు గీత మీద కూర్చోవాలి. ఇది ఎక్కడుంది? ముందుకు రండి, చూడండి. పన్నెండు దాటి కొంచెం అవతలికెళ్లింది, కదా? అంగుళంలో పదహారో వంతు. కంటికి ఏదో చిన్న తేడా లాగ ఉంది, అంతే. కానీ 11, 12 స్పీడు అయితే ఇక్కడికొచ్చిందంటే చెయిను మార్చేయాలి. 8, 9, 10 వాళ్లు ఇంకొంచెం ఆగొచ్చు. ఆగొచ్చు అన్నా కదా అని ఎనిమిదో వంతు దాకా ఆగితే ఏమవుతుంది? సాగిన చెయిను క్యాసెట్ పళ్లని కూడా తన కొలతకి అరగదీసుకుంటుంది. అప్పుడు కొత్త చెయిను వేసినా జారుతుంది, నిలబడి తొక్కారంటే టక్కుమని జారి మీ మోకాలు వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. అప్పుడు చెయినూ క్యాసెట్టూ రెండూ కొనాలి, అదృష్టం బాగోకపోతే ముందు రింగు కూడా.

మన ఊర్లో ఇది ఇంకా తొందరగా అవుతుంది. ఎందుకు? సముద్రం. బీచ్ రోడ్డులో తొక్కి ఇంటికెళ్లి బైకు బాల్కనీలో పెట్టేస్తాం, పొద్దున చూస్తే చెయిను మీద ఎర్రగా పూత. ఉప్పుగాలి, ఇసక, రెండూ కలిస్తే చెయిను మీద ఉప్పుకాగితం రుద్దినట్టే. కేబుళ్లు కూడా అంతే, బయటికి మెరుస్తుంటాయి, లోపల గొట్టంలో తుప్పు పట్టి ఉంటాయి, గేరు పడటం లేదని మనం డిరైలర్‌ని తిడతాం. ఒకాయన గేర్లు పడట్లేదని గ్రూప్‌సెట్ మార్చేద్దాం అని నా దగ్గరికొచ్చాడు. ఇన్నర్ కేబులూ అవుటరూ రెండూ కొత్తవి వేశాం, గంట పని. సోరా మళ్లీ కొత్త పెళ్లికొడుకులాగ అయిపోయింది.

అంచేత నా లెక్క ఇది. షాపుకెళ్లినప్పుడు బైకు రేటు అడక్కండి, అది బోర్డు మీద ఉంటుంది. మూడు రేట్లు అడగండి. ఈ గ్రూప్‌సెట్‌కి చెయిను ఎంత? క్యాసెట్ ఎంత? వెనక డిరైలరూ కుడిచేతి లివరూ కలిపి ఎంత? మొదటి రెండూ అరుగుదల ఖర్చు, మీరు నెలకి ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారో దాన్నిబట్టి ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. మూడోది పడిపోయినప్పటి ఖర్చు. ఈ మూడు వినగానే మీకు గుండె జల్లుమందా? ఒక మెట్టు కిందికి దిగండి. జల్లుమనలేదా, పైకెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు.

పడిపోయినప్పుడు అంటే నవ్వుతున్నారు. నా సంగతి చెప్తా. అప్పట్లో కొత్త మోజు, అప్పు చేసి పై మెట్టుదే కొన్నా, ఏ కంపెనీ ఏ మోడల్ అన్నది వద్దులెండి. నాలుగో నెలలో మలుపులో కంకర మీద జారి కుడివైపు పడ్డా. మోచెయ్యి చీరుకుంది, బైకు చూసుకున్నా, బాగానే ఉంది, ఎక్కి తొక్కుకుంటూ వచ్చేస్తున్నా. ఒక ఎత్తు వచ్చింది, వెనక పెద్ద పళ్లలోకి వేశా. ఒక్కసారి ఫటాఫటా ఫటమని చప్పుడు, చక్రం ఆగిపోయింది. దిగి చూస్తే డిరైలర్ స్పోకుల్లో ఇరుక్కుని రెండు ముక్కలు. ఏమైందంటే, డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు, పడ్డప్పుడు అది లోపలికి వంగింది. వంగినట్టు కంటికి తెలీదు. అది వంగడానికే పెట్టారు, ఫ్రేము విరక్కుండా. కుడివైపు పడితే మళ్లీ ఎక్కేలోపు బైకు వెనక నుంచి చూడండి, డిరైలర్ కేజ్, అంటే చెయిను పట్టుకుని కిందికి వేలాడే భాగం, చక్రానికి సమాంతరంగా ఉందా లోపలికి వాలిందా అని. ఇది తెలీక నేను ఒక డిరైలరూ నాలుగు స్పోకులూ ఒక చెయినూ పోగొట్టుకున్నా. డబ్బుల్లేక ఆ బైకు రెండు నెలలు గోడకి ఆనుకుని నిలబడింది. అంత గొప్ప గ్రూప్‌సెట్, రెండు నెలలు గోడకి. అదే టియాగ్రా అయ్యుంటే మర్నాడే తెచ్చి వేసుకుని తొక్కేవాణ్ని.

సరే, ఇప్పుడు కొనేవాళ్లకి ఇంకో మోసం, మోసం అనకూడదేమో, తెలివి అనుకోండి. బోర్డు మీద "105 బైకు" అని ఉంటుంది. లివర్లు 105, డిరైలర్లు 105. వంగి క్రాంకు వెనకవైపు చూడండి, అక్కడ చిన్న అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది. ఎఫ్‌సి అంటే క్రాంకు, ఆర్‌డి అంటే వెనక డిరైలర్, ఎస్‌టి అంటే లివరు. 11 స్పీడు 105లో ఆర్‌7000 తరానిదైతే ఈ మూడిటి నంబరూ ఆర్‌70తో మొదలవ్వాలి. క్రాంకు మీద ఆర్‌ఎస్‌510 అని ఉందనుకోండి, అది షిమానోదే, పనిచేస్తుంది, కానీ 105 కాదు. చెయినూ బ్రేకులూ ఇంకో కంపెనీవి ఉండొచ్చు. తప్పేం లేదు, బానే నడుస్తుంది. మీరు మాత్రం 105 మొత్తానికీ డబ్బులు కడుతున్నా అనుకోకండి.

సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లు, ముఖ్యంగా అల్టెగ్రా, డ్యూరా ఏస్ చవగ్గా వచ్చిందని ఎగిరేవాళ్లు, ఇది రాసుకోండి. 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన 11 స్పీడు అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకుల్లో కొన్నిటికి అతికించిన చోట ఊడే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబర్లో షిమానోనే తనిఖీకి పిలిచింది. ఆ లిస్టులో 105 లేదు. కాబట్టి ఆ కాలం బైకు కొంటే క్రాంకు మీద కోడు చూడండి, తనిఖీ చేయించిన కాగితం అడగండి. ఇంకోటి, 8 స్పీడు బైకు కొని తర్వాత 105కి మార్చుకుంటా అనుకుంటారు. వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ ఉంటుంది కదా, 11 స్పీడుది పాతదానికన్నా 1.85 మిల్లీమీటర్లు పొడుగు. ఆ రెండు మిల్లీమీటర్ల దగ్గరే చాలామందికి చక్రం కూడా కొనాల్సొస్తుంది. మెట్టు మెట్టు అప్‌గ్రేడ్ చేసుకుంటా అనేది చవక దారి కాదు. మార్చాలనుకుంటే బైకు అమ్మేసి బైకే కొనుక్కోండి.

ఎలక్ట్రానిక్ సంగతి అడుగుతారని తెలుసు. షిమానోది 2009లో వచ్చింది, 105కి 2022లో దిగింది. బాగుంటుందండి, అబద్ధమెందుకు, బటన్ నొక్కితే చాలు, కేబులే లేదు కాబట్టి మన ఉప్పుగాలి బాధ కూడా సగం పోయింది. కానీ పడితే పోయేది మోటారున్న డిరైలర్, నా మూడో రేటు గుర్తుందా? కేబుల్‌తో గేరు మార్చేదే కావాలి, 12 స్పీడే కావాలి అంటే షిమానోలో పైకి 105 దాకానే ఉంది, 2023లో ఇచ్చారు, అదీ డిస్కు బ్రేకుకే. కొత్త అల్టెగ్రా, డ్యూరా ఏస్ రెండూ ఎలక్ట్రానిక్ మాత్రమే. వేరే కంపెనీల్లో స్రామ్ మంచిదే, వాళ్ల వైర్‌లెస్ బిగించడం చాలా తేలిక, కానీ మన ఊర్లో ఆదివారం పూట ఒక పార్టు కావాలంటే? కాంపాగ్నోలో గురించి ఒకే మాట, చూడ్డానికి దేవుడి నగల్లా ఉంటాయి, నేను ఇక్కడ స్పేరు పార్టు ఒక్కటి కూడా చూడలేదు. మైక్రోషిఫ్ట్ తక్కువ రేటు బైకుల్లో వస్తుంది, తీసిపారేయకండి. చైనా నుంచి సెన్సా, ఎల్‌టూ వస్తున్నాయి, ఇద్దరు ముగ్గురు మనవాళ్లు వాడుతున్నారు, నేను వాడలేదు కాబట్టి మాట్లాడను.

క్యూస్ అన్నా కదా. 2023లో తెచ్చారు, 2025 నుంచి రోడ్డు బైకు వంపు హ్యాండిల్‌కి కూడా ఇస్తున్నారు. క్లారిస్, సోరా, టియాగ్రా స్థానంలోకి ఇది వస్తోంది. నాకు నచ్చింది ఏంటంటే క్యాసెట్ పళ్లు మందంగా చేశారు, పాతవాటికన్నా మూడింతలు మన్నుతుందని కంపెనీ చెప్తోంది, 9, 10, 11 మూడిటికీ ఒకటే చెయిను. అంటే వాళ్లకి కూడా అరుగుదల లెక్క అర్థమైంది. కానీ పాత సోరా పార్టులు దీనికి కలవవు, కాబట్టి కలిపి వాడదాం అనుకోకండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే? ఇవాళ నేను కొత్తగా కొంటే హైడ్రాలిక్ బ్రేకులున్న టియాగ్రా గానీ క్యూస్ గానీ, వెనక 34 గానీ ఆ పైన గానీ. మిగిలిన డబ్బులు మంచి టైర్లకి. గుంపులో గట్టిగా తొక్కే కుర్రాళ్లయితే కేబుల్ 105. దానిపైన మీ ఇష్టం, మీ జీతం.

ఏంటి మాస్టారూ, అడగండి. ఆ. మాస్టారు అంటున్నారు, "నాకు యాభై ఎనిమిదేళ్లు, క్లారిసు, వెనక 28 ఉంది, అరకు ఎక్కాలని ఉంది, గ్రూప్‌సెట్ మార్చాలా?" వద్దు మాస్టారూ. వెనక డిరైలర్ పొడుగు కేజ్‌దా పొట్టి కేజ్‌దా చూద్దాం. పొడుగుదైతే 34 క్యాసెట్ పట్టుద్ది, దానికి సరిపడా పొడుగున్న కొత్త చెయిను, కొత్త కేబుళ్లు, అంతే. పొట్టిదైతే డిరైలర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోద్ది, అది క్లారిసే, పెద్ద రేటు కాదు. బైకు ఎక్కడ పెట్టారు? ఆ నీలందా? తమ్ముడూ, ఆ స్కేలు ఇలా ఇవ్వు, పదండి మాస్టారూ, ముందు మీ చెయిను ఎక్కడిదాకా వచ్చిందో కొలుద్దాం.